ఉప్పెనయు సునామియు: మన పల్లపుఁ దీరమున కెంత భయము?



ములుగు పట్టణమున సమావేశమగు నీ వార్షిక మహాసభకు మంగపేట, ఏటూరునాగారము, వాజేడు, వెంకటాపురము మొదలగు గోదావరి యొడ్డు పల్లెలనుండియు, విశాఖ శ్రీకాకుళ సీమల సముద్రతీర గ్రామములనుండియు మనవారు విచ్చేయుచున్నారు. ఓడబలిజలమైన మనకుఁ గులనామములోనే ఓడ యున్నది. ఒకరి యోడ యేటిలో నడచును. వేఱొకరి యోడ కడలిలో నడచును. నీరే యిరువురకు నన్నము పెట్టుచున్నది. నీరే యిరువురకు నాపద తెచ్చుచున్నది. కావున నీ సంచికలో నీటి చరిత్రను గూర్చి నాలుగు మాటలు విన్నవించుట యనుచితము కాదని తలంచుచున్నాను.

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీ నాఁటి సముద్రపుటల మరల వచ్చునా యని ప్రశ్నించినచో మనవారిలో రెండు తెఱఁగుల ప్రత్యుత్తరములు వినవచ్చును. కొందఱు "అది తమిళనాటి యాపద; మనకు నుప్పెనయే శత్రువు" అని నిశ్చింతగా నుందురు. మఱికొందఱు ఎక్కడ భూమి కంపించెనని విన్నను పిల్లలను చంకనిడికొని పరుగెత్త సిద్ధపడుదురు. ఈ నిశ్చింతయు సరికాదు. ఈ కలవరమును సరికాదు. రెంటికిని నడుమనున్న సత్యమును చరిత్ర మనకుఁ జూపుచున్నది.

సముద్రమునకు సుమారు 250 కిలోమీటర్ల దూరమున, అడవుల నడుమనున్న ములుగులో నీ ప్రస్తావన మేలయని కొందఱకుఁ దోఁపవచ్చును. కోనసీమ నేల యెక్కడిది? గోదావరి వేలయేండ్లుగా మోసికొనిపోయిన యొండ్రుమట్టియే గదా! ఆ మట్టి యేటూరునాగారము చెంతనుండియే సాగిపోయినది. నది పఱచిన నేల గనుక నది పల్లము. పల్లము గనుకనే పంట పండును. పల్లము గనుకనే కడలి పొంగిననాఁడు మునుఁగును. కృష్ణానది నిర్మించిన దివిసీమయు నట్టిదే. మన యేటి ప్రసాదమైన నేలపై మన బంధువులే నివసించుచుండఁగా, వారి క్షేమము మన చర్చకు దూరమైనది కాదు.

రెండు పొంగులు

మొదట మాటలను వేఱుపఱచుకొందము. ఉప్పెన గాలిబిడ్డ. వాయుగుండము బలిసి తుపానై తీరమును సమీపించునపుడు, ఆ గాలి సముద్రజలమును దరికిఁ ద్రోయును. తుపాను నడుమ గాలి యొత్తిడి తగ్గియుండుటచే నీరు మఱికొంత యుబ్బును. మన తూర్పుతీరమున తుపాను దాఁటు చోటికి నుత్తరపు ప్రక్కను గాలి కడలినుండి నేలమీఁదికి వీచును. అందుచే నుప్పెన యావైపుననే యధికము. ఉప్పెనకు ముందు మబ్బు, హోరు, గాలి, వాన అను దూతలు వచ్చుదురు. పోటు సమయమును ఉప్పెనయు నొక్కటైనచో నాశము రెట్టింపగును.

సునామి భూమిబిడ్డ. ఈ పదము జపానువారిది. "త్సు" అనఁగా రేవు, "నామి" అనఁగా అల. సముద్రగర్భమున నేల హఠాత్తుగా లేచినను, క్రుంగినను, దానిపైనున్న నీరంతయు నడుగునుండి మీఁదివఱకుఁ గదలును. మూఁడు కిలోమీటర్ల లోతుగల కడలిలో నీయల గంటకు సుమారు 600 కిలోమీటర్ల వేగముతోఁ బోవును. నడికడలిలో దీని యెత్తు స్వల్పము. ఓడలోనున్నవానికిఁ దెలియనైనఁ దెలియదు. తీరము చేరువై లోతు తగ్గుకొలఁది వేగము తగ్గి యెత్తు పెరుగును. ఇది యొక్క యలతో ముగియదు. గంటలకొలఁది యల వెంట నల వచ్చును. మొదటిదే పెద్దది కానక్కఱలేదు. దీనికి మబ్బు లేదు, గాలి లేదు. నిర్మలమైన యుదయముననే రావచ్చును.

గాలి తెచ్చిన కడలి

మన తీరచరిత్రలోని మహానాశము లన్నియు నించుమించుగా నుప్పెనలవలనఁ గలిగినవే.

గోదావరి ముఖమున కోరంగి యను రేవు కలదు. ఒకప్పుడు ఓడలు కట్టుటకును, వర్తకమునకును ఆ రేవు పేరుగాంచినది. అచ్చటినుండి యోడనెక్కి బర్మాకుఁ బోయిన తెలుఁగువారిని ఆ దేశస్థులు "కోరంగీలు" అని పిలిచిరి. 1789 డిసెంబరులో నీ రేవుపై సముద్రము విఱుచుకొనిపడెను. మూఁడు మహాతరంగములు వరుసగా వచ్చెననియు, సుమారు 20,000 మంది నశించిరనియు వ్రాఁతలు చెప్పుచున్నవి. మూఁడలలు అను మాట విని యిది సునామి యని భ్రమింపరాదు. ఆ దినమున పెనుగాలి వీచుచుండెననియు, పోటు మిక్కుటముగా నుండెననియు నా వ్రాఁతలే పలుకుచున్నవి. 1839 నవంబరు 25న కోరంగిపై మరల నుప్పెన వచ్చెను. అందు మూఁడు లక్షల మంది మరణించిరని పలు పుస్తకములు వ్రాయుచున్నవి. చిన్న రేవుపట్టణమునకు నంతటి సంఖ్య నమ్మశక్యము కాదు. అయినను కోరంగి ప్రాభవము మరల మునుపటివలె నిలువలేదనుట మాత్రము సత్యము.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణమును ఉప్పెన ముంచెత్తెను. సుమారు 30,000 మంది ప్రాణములు కోలుపోయిరి. ఆంగ్లేయుల యధికారులు నా నాఁటి నాశమును తమ జిల్లా గ్రంథములలో నెక్కించిరి; బందరువాసుల వాడుకలోను నా రాత్రి చిరకాలము నిలిచినది.

ఇఁక 1977 నవంబరు 19. తుపాను చీరాల చేరువను దాఁటెను. దానికి నుత్తరపు ప్రక్కనున్న దివిసీమపై సుమారు ఐదు మీటర్ల యెత్తున కడలి లేచెను. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతముల పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. సొర్లగొంది వంటి గ్రామములలో బ్రతికిన వారిని వ్రేళ్లపై లెక్కింపవలసివచ్చెను. ప్రభుత్వపు లెక్క ప్రకారము మృతులు సుమారు 10,000 మంది. తుపాను వచ్చుచున్నదని ముందుగాఁ దెలియక పోలేదు. తెలిసినది పల్లెవఱకుఁ జేరలేదు. చేరినచోట నెక్కుటకు మెఱకయు, నిలుచుటకు గట్టి కట్టడమును లేకపోయెను.

ఆ మాటకు నిదర్శనము 1990 మే 9. ఆ నాఁడు వచ్చిన తుపాను 1977 నాఁటిదానికిఁ దీసిపోవునది కాదు. తాఁకిన సీమయు నించుమించుగా నదే. కాని యీ నడుమ పదుమూఁడేండ్లలో తుపాను రక్షణ గృహములు వెలసినవి. లక్షకు పైఁబడిన జనులను ముందే తరలించిరి. మృతుల సంఖ్య 967. ఒక్క ప్రాణమైనను తక్కువ కాదు గాని, పదివేలకును వేయికిని గల భేదమును గమనింపుఁడు. కడలి మాఱలేదు, గాలి మాఱలేదు. మనుష్యుని యేర్పాటు మాఱినది.

భూమి కదలించిన కడలి

బంగాళాఖాతమునకుఁ దూర్పుగా, సుమత్ర మొదలు నికోబారు, అండమాను దీవులమీఁదుగా నరకాను తీరమువఱకును, సముద్రగర్భమున నొక గొప్ప పగులు సాగుచున్నది. అచ్చట భారతదేశము నెత్తుకొనియున్న భూఫలకము తూర్పుననున్న మఱియొక ఫలకము క్రిందికిఁ జొచ్చుచున్నది. రెండును బిగిసికొని, యేండ్లకొలఁది యొత్తిడి కూడి, యొకనాఁడు హఠాత్తుగా విడుచును. ఆ క్షణమున మీఁది ఫలకపు టంచు లేచి సముద్రమును గదలించును. మన తీరమునకు సునామి వచ్చినచో నించుమించుగా నీ పగులునుండియే రావలెను.

1762 ఏప్రిల్ 2న అరకాను తీరమున మహాభూకంపము సంభవించి నేల కొన్నిచోట్ల లేచెను, కొన్నిచోట్లఁ గ్రుంగెను. 1881 డిసెంబరు 31న కారునికోబారు దీవి చెంత భూమి కంపించెను. ఆ కాలమునకు మన రేవులలో సముద్రపు పోటుపాటులను గీఁతగీయు యంత్రములు నెలకొల్పఁబడియుండెను. చెన్నపట్టణము, నాగపట్టణము మొదలగు రేవుల యంత్రములు ఆ యలను గుఱుతించినవి. అల యెత్తు మీటరు లోపలనే; ప్రజలకు హాని లేదు. కాని యంత్రములు వ్రాసిన యా సాక్ష్యము చరిత్రకారునకు మిక్కిలి విలువైనది: అండమాను నికోబారులనుండి మన తీరమునకు దారి యున్నదని యది ఋజువు చేసినది. 1883 ఆగస్టు 27న క్రకటోవా యగ్నిపర్వతము ప్రేలినప్పుడును మన రేవుల యంత్రములు కడలి కదలికను వ్రాసినవి. 1941 జూన్ 26న అండమానులలో గొప్ప భూకంపము కలిగెను. తూర్పుతీరమున 5,000 మంది సముద్రము పాలైరని తరువాతి పుస్తకములు కొన్ని చెప్పుచున్నవి; ఆ నాఁటి పత్రికలలో నట్టి వార్త కానరానందున, ఉప్పెనకు సంబంధించిన లెక్క దీనికి అంటుకొనియుండునని పరిశోధకులు సందేహించిరి. నాశనపు లెక్కలను పరీక్షింపక గ్రహించుట చరిత్రకు నపచారము.

తుదకు 2004. ఆదివారము, మార్గశిర పౌర్ణమి. ఉదయము 6 గంటల 29 నిమిషముల వేళ సుమత్రకుఁ బడమటఁ భూమి పగిలెను. భూకంప ప్రమాణము 9.1. పగులు సుమారు 1,200 కిలోమీటర్ల పొడవున నుత్తరముగా నండమానులవఱకును సాగెను. రెండున్నర గంటలలో, తొమ్మిది గంటల వేళకు, అల చెన్నపట్టణమునకును విశాఖకును జేరెను. హిందూమహాసముద్ర తీరదేశములన్నింట రెండు లక్షల ఇరువదివేలకు పైఁబడి ప్రజలు నశించిరి. తమిళనాట సుమారు 8,000 మంది, అందును నాగపట్టణము జిల్లాలో నధికులు. ఆంధ్రతీరమున మృతులు నూఱుమందికి పైఁబడిరి. మంగినపూడి యొడ్డున పున్నమి స్నానమునకు వచ్చినవారును వారిలోఁ గలరు. పసిఫిక్ సముద్రమునకు 1949 నుండియు సునామి హెచ్చరిక కేంద్రము కలదు. మన సముద్రమునకు నా నాఁటికి లేదు. రెండున్నర గంటల వ్యవధి యుండియు, ఆ వ్యవధిని తెలుపు నోరు లేకపోయెను.

మరల వచ్చునా?

వచ్చును, ఎప్పుడో చెప్పఁగలవారు లేరు. థాయిలాండులోని ఫ్రాథాంగు దీవిలో నేలను త్రవ్వి చూచినవారికి, 2004 నాఁటి యిసుకపొర క్రింద మఱియొక ప్రాచీనపు టిసుకపొర కానవచ్చెను. ఇంతటి యల దానికి ముందు సుమారు 550 మొదలు 700 యేండ్ల వెనుక వచ్చెనని వారి నిర్ణయము. కావున 2004 వంటి మహాతరంగము తరతరమునకును వచ్చునది కాదు, శతాబ్దుల కొకటి. కాని దీనిని గడియారమువలె నెంచరాదు. సుమత్రలోని యొక తీరగుహలో దొరికిన పొరలనుబట్టి చూడఁగా, ఒకప్పుడు రెండువేల యేండ్లు కడలి శాంతించియుండెను. మఱియొకప్పుడు నూఱేండ్లలోపలనే పలుమాఱు వచ్చెను.

ఆంధ్రతీరము విషయమున మఱియొక సంగతి గమనింపవలెను. సునామి యల పగులు పొడవునకు నడ్డముగా నెక్కువ బలముతోఁ బోవును. 2004లో నేల మిక్కిలిగా జాఱినది దక్షిణపు భాగమున. అందుచే సింహళమును, తమిళనాడును ఆ బలమున కెదురుగా నిలిచినవి. మనము ప్రక్కకుఁ బడితిమి. మృతులు తక్కువ యగుటకు ముఖ్యకారణములలో నిదియొకటి. "మన తీరమునకు సునామి రాదు" అను మాటకు నిది యాధారము కాఁజాలదు. మఱియొకనాఁడు అండమానుల చెంతనే పగులు పెద్దగా విడిచినచో, ఆ బలమున కెదురుగా నుండునది మన కృష్ణా గోదావరి తీరమే. అండమాను రేవైన పోర్టుబ్లేయరునుండి విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్లు. అనఁగా రెండు గంటల పైమాట.

కావున నిర్ణయ మిది: ఉప్పెన మనకుఁ దఱచుగా వచ్చు శత్రువు, సునామి యరుదుగా వచ్చు శత్రువు. ఒకటి తలుపు తట్టి వచ్చును. రెండవది తట్టక వచ్చును.

తట్టక వచ్చుననుట యేలయన, ప్రజలు చెప్పుకొను గుఱుతులు మన తీరమునఁ జాలవు. భూమి కంపించినచో పరుగెత్తవలెనందురు. పగులు మనకు దూరమగుటచే నా కంపము మన పల్లెలలోఁ దెలియకపోవచ్చును. కడలి వెనుకకుఁ బోయినచో పరుగెత్తవలెనందురు. అదియు నిజమే గాని, 2004లో థాయిలాండు వైపున కడలి మొదట వెనుకకుఁ బోయెను, మనవైపున మొదటనే యల లేచి వచ్చెను. ఏలయన పగులునకుఁ బడమటివైపున సముద్రగర్భము లేచినది, తూర్పువైపునఁ గ్రుంగినది. కడలి వెనుకకుఁ బోవువఱకు వేచియుండువాఁడు మన యొడ్డున మోసపోవును. కావున మనకు నమ్మఁదగిన గుఱుతు హెచ్చరిక మాటయే.

ములుగు భూమి కంపించిన నాఁడు

2024 డిసెంబరు 4వ తేదీ యుదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో భూమి కంపించెను. ప్రమాణము 5.3. హైదరాబాదు, విజయవాడలవఱకును ప్రజలు వీధులలోనికి వచ్చిరి. గోదావరి లోయ భూగర్భమునఁ బురాతనపు పగుళ్లు కలవు. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమునఁ గలిగిన కంపమును నిట్టిదే.

ఇట్టి కంపము సముద్రమును లేపఁగలదా? లేపఁజాలదు. సునామికి సముద్రగర్భమే కదలవలెను. అదియు సాధారణముగా ఏడింటికి మించిన ప్రమాణముతో, నేల నిలువునఁ గదలవలెను. ప్రమాణములో నొక యంకె పెరిగినచో శక్తి సుమారు ముప్పదిరెండు రెట్లు పెరుగును. ఆ లెక్కను 2004 నాఁటి కంపపు శక్తి ములుగు కంపపు శక్తికి సుమారు ఐదు లక్షల రెట్లు. రెంటిని నొక్క పేరుతోఁ బిలుచుచున్నాము గాని, దివిటీకిని దావానలమునకును గల భేదము వానికిఁ గలదు. సముద్రమునఁ గలిగిన ప్రతి మహాకంపమును సునామిని తేదు. 2012 ఏప్రిల్ 11న సుమత్ర చెంత 8.6 ప్రమాణపు భూకంపము కలిగినను, నేల నిలువున లేవక ప్రక్కకు జాఱుటచే నల స్వల్పమయ్యెను. ఈ భేదము తెలిసినచో మన తీరవాసులకు వృథా కలవరము తప్పును. నిజమైన హెచ్చరికపై గౌరవము నిలుచును.

కొండాయి పాఠము

ములుగు సీమకు సునామి లేదు, ఉప్పెన లేదు, కాని నీటి గోడ యన నేమో యీ సీమ యెఱుఁగును. 2023 జూలై 27 ఉదయముతో ముగిసిన యిరువదినాలుగు గంటలలో వెంకటాపూరు మండలములోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. తెలంగాణమున నొక్కదినమున నంతటి వాన మున్నెన్నఁడును లెక్కకెక్కలేదు. అంతకు మునుపటి పెద్దలెక్క 2013 జూలై 19 నాఁటిది, 517.5 మిల్లీమీటర్లు, అదియు మన వాజేడుదే. ఏఁడాదిలోఁ బడవలసిన వానలో నించుమించుగా సగ మొక్కనాఁడు పడెను. మేడారపు జాతరకు వచ్చు భక్తులు స్నానమాడు జంపన్నవాగు పొంగి, ఏటూరునాగారము మండలములోని కొండాయి గ్రామముపైఁ బడెను. ఎనమండుగురు వఱదపాలైరి.

ఒక ప్రక్కను వేలకొలఁది మృతుల కథలు చెప్పి, యిచ్చట నెనమండుగురను జెప్పుటవలన నిది చిన్నదని తలంపకుఁడు. బ్రతుకులకు లెక్కలో పెద్దచిన్నలు లేవు. అదియుఁగాక పాఠ మొక్కటియే. వాన వచ్చుచున్నదని ముందుగాఁ జెప్పు శాస్త్రము నేఁడు కలదు. నది యెంత వచ్చుననియుఁ జెప్పఁగలరు. 1986 ఆగస్టులో భద్రాచలము చెంత గోదావరి 75.6 అడుగులకు లేచినప్పుడును, 2022 జూలైలో 71.3 అడుగులకు లేచినప్పుడును ప్రజలను ముందే తరలింపఁగలిగిరి. పెద్దనదికి గంటలకొలఁది వ్యవధి యుండును. వాగునకు నట్టి వ్యవధి లేదు. సునామి, నడకలో వాగువంటిది. ఆ కొద్ది వ్యవధిలో పల్లెలోని ముసలివారిని, పసివారిని ఎవరు లేపవలెను, ఏ త్రోవను, ఏ మెఱకకుఁ గొనిపోవలెను అను ప్రశ్నకు ఉత్తరము ముందే సిద్ధముగా నుండవలెను. నీరు కనఁబడిన పిదప నాలోచించుటకు వేళ యుండదు.

మత్తడి నీతి

"శతాబ్దుల కొకసారి వచ్చుదానికి నేఁడు ధనము వెచ్చించుట యేల?" అని కొందఱందురు. దానికి ఉత్తరము ములుగు సీమలోనే యున్నది. గణపతిదేవ చక్రవర్తి కాలమున రేచర్ల రుద్రుఁడు 1213లో పాలంపేటలో రామప్ప దేవాలయమును నిలిపెను. ఆ కాకతీయుల నాఁటిదే దాని చెంతనున్న చెఱువును. 2021లో ప్రపంచ వారసత్వ స్థానమైన యా గుడిని లోకమంతయుఁ గొనియాడుచున్నది. గుడి క్రింద నిసుక పునాది యున్నదనియు, శిఖరపు టిటుకలు నీటఁ దేలుననియు మెచ్చుకొనుచున్నది. చెఱువును గూడఁ జూడుఁడు. కట్ట కట్టినవారు మత్తడిని గూడఁ గట్టిరి. మత్తడి పొరలని యేండ్లు ఎన్నియో గడచును. పొరలలేదు గదా యని మత్తడిని పూడ్చిన రైతు లేఁడు. ఒక్క యేఁడు పొరలుటకే మత్తడి. ఆ యొక్క యేఁడు మత్తడి లేనిచో కట్ట తెగును, దిగువ యూళ్లు మునుఁగును.

సునామి హెచ్చరికయు, రక్షణ గృహమును, తీరమునకు మత్తడివంటివి. అవి నూఱేండ్లు నిరుపయోగముగా నున్నట్లు కనఁబడవచ్చును. అయితే తీరమున నొక సౌకర్యము కలదు: సునామికై కట్టిన మెఱక యుప్పెనకును బనికివచ్చును, ఉప్పెన పదియేండ్లకో యిరువదియేండ్లకో వచ్చుచునే యున్నది. అరుదైనదానికిఁ జేసిన వ్యయము తఱచైనదానియందే తీఱిపోవును.

మన కర్తవ్యము

కడలిని గాచు కావలివాఁడు నేఁడు తెలంగాణముననే యున్నాఁడు. హైదరాబాదునందలి భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము 1999లో నేర్పడెను. 2007 అక్టోబరు నుండియు అచ్చటి సునామి హెచ్చరిక కేంద్రము రేయింబవళ్లు మేలుకొనియున్నది. భూకంపము కలిగిన కొద్ది నిమిషములలోనే దాని చోటును, ప్రమాణమును నిర్ణయించి, యే తీరమునకు నేవేళ నల చేరునో తెలుపును. 2012లో నా కేంద్రము పరీక్షకు నిలిచినది. 2004లో లేనిది నేఁడున్నది. కాని హైదరాబాదునుండి రేవుపల్లెవఱకు మాట చేరుట యొక యెత్తు. పల్లెలోని తుది యింటివఱకుఁ జేరుట యొక యెత్తు. ఆ తుది యంచె ప్రభుత్వముచేతిలో లేదు. మన చేతిలో నున్నది.

దీనికి మార్గదర్శకులు మన బంధువులలోనే కలరు. ఒడ్డె తీరమున నోలియాలని పిలువఁబడు బెస్తలు తెలుఁగు పలుకువారే. ఆ తీరమున గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూరును, జగత్సింగుపూరు జిల్లాలోని నోలియాసాహియును 2020లో "సునామికి సిద్ధమైన గ్రామములు" అని యునెస్కోవారిచే గుర్తింపు పొందినవి. హిందూమహాసముద్ర తీరమున నీ గౌరవము మొదట పొందిన పల్లె లివియే. అవి ధనిక గ్రామములు కావు. చేసినవి చిన్న పనులు: ముంపు పటమును వ్రాసికొనుట, త్రోవలకు గుఱుతులు నాటుట, సమితి నేర్పఱచుకొనుట, తఱచుగా నభ్యాసము చేయుట. వారు చేసినది శ్రీకాకుళపు పల్లెయుఁ జేయఁగలదు. కొండాయి వంటి వాగుదరి పల్లెయుఁ జేయఁగలదు.

కావున మహాసభవారికి విన్నపములు కొన్ని.

మొదటిది: ప్రతి తీరపల్లెయు, ప్రతి వాగుదరి పల్లెయుఁ దన మెఱకను నిర్ణయించుకొని, ఏఁటికి రెండుమాఱు లచ్చటికి నడచి చూడవలెను. చీకటిలో నొకమాఱు నడువవలెను. ఆపద పగలే వచ్చునని నియమము లేదు.

రెండవది: హెచ్చరిక విని యింటింటికిఁ జెప్పుటకు నిద్దఱు యువకులను, నిద్దఱు యువతులను పల్లె యేర్పఱచుకొనవలెను. వేటకుఁ బోయినవారు కడలిలో నుండఁగా సునామి హెచ్చరిక వచ్చినచో రేవునకు మరలరాదు. లోతైన నీటిలోనే నిలువవలెను. ఒడ్డుననున్నవారు మొదటి యల తగ్గినదని పడవలకొఱకును, వలలకొఱకును దిగిపోరాదు. అధికారుల యనుమతి వచ్చువఱకు మెఱకపైనే యుండవలెను.

మూఁడవది: మడ యడవులను, యిసుకదిబ్బలను గాపాడవలెను. కోరంగి మడ యడవి గాలికిని, అలకును కొంత యడ్డు. మహాతరంగము నది యాపఁజాలదు గాని, దాని యుద్ధృతిని తగ్గించును. ఉప్పెననాఁడు దాని మేలు ప్రత్యక్షము. ఇసుకదిబ్బను త్రవ్వి యమ్ముకొనువాఁడు తన యూరి కట్టను దానే తెంచుచున్నాఁడు.

నాలుగవది వదాన్యులకు. మన పెద్దలు సత్రములు కట్టించిరి, గుడులు కట్టించిరి. ఇఁకమీఁదఁ గట్టించు కల్యాణమండపమునైనను, విద్యార్థి వసతిగృహమునైనను, తీరమునఁ గాని యేటిదరిఁ గాని కట్టునపుడు, గట్టి స్తంభములపై మేడగా, మీఁదికి వెడల్పైన మెట్లతోఁ గట్టింపుఁడు. నిత్యము పెండ్లిండ్లకును, చదువులకును ఉపయోగించును. ఒక్కనాఁడు ఊరి ప్రాణమును నిలుపును. అంతకుమించిన పుణ్యము, అంతకుమించిన కీర్తి వేఱుగలదా?

కడలి యెప్పుడు లేచునో మన చేతిలో లేదు. లేచిననాఁడు మనవారు మెఱకపై నుందురా, పల్లములో నుందురా యనునది మాత్రము కొంతవఱకు మన చేతిలోనిదే. 1977కును 1990కిని గల భేదమును జూచినవారికి వేఱు ప్రమాణ మక్కఱలేదు. ఏటియొడ్డువారును, కడలియొడ్డువారును నీ మహాసభలో నొక్కచోటఁ గూడిన యీ శుభసమయమున, ప్రతి పల్లెయుఁ దన మెఱకను దాను గుర్తించుకొని మరలునట్లు తీర్మానము చేయుదురని ప్రార్థించుచు విరమించుచున్నాను.